జడ నా చేతిలో పెట్టినప్పుడు

మా వీధి భాగవతంలో ఒక కట్టుబాటు ఉంది. ముఖానికి రంగు పడ్డాక, ఆట మొదలయ్యేదాకా వేషగాడు నోరు విప్పకూడదు. చెలికత్తె వేషానికి మాత్రం మినహాయింపు, దానికి వాగుడే పని కాబట్టి. ఆ వేషం నాది. నేను ఫారం టూ, అంటే ఎనిమిదో తరగతి దగ్గరే బడికి దండం పెట్టేసి, మలేషియాలోని బంటింగ్‌లో మోటార్‌సైకిళ్లు బాగుచేసుకుంటున్నవాణ్ణి. నోరు మూసుకోమనే మాస్టార్ల నుంచి పారిపోయినవాడికి నోరు తెరిచే ఉద్యోగం దొరికిందని మా ఆవిడ దెప్పుతుంటుంది.

అలిగిన రాణి వేషం మా మావయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. సుంగై సుమున్ ఎస్టేట్‌లో పామాయిల్ గెలలు కోసి కాయలు కాసిన చేతులకు ఆయన గాజులు తొడుక్కుంటే ముందు వరసలో ఆడవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. నడుము సహకరించడం లేదనీ, ఈ ఏడాదితో ఆపేస్తాననీ అన్నాడు. ఆయన తర్వాత ఆ పాటలు ఎవరికి వచ్చని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొన్న శ్రీరామనవమికి గుడివాళ్లు ఒక తెల్లామెను వెంటబెట్టుకొచ్చారు. యూరప్‌లో చాలా పాతకాలం నాటకాల మీద చదువుకున్న మనిషి. ఆమె మలాయ్ మాట్లాడితే నా మలాయ్‌కి సిగ్గేసింది. గుడి వెనక గదిలో అద్దం ముందు మావయ్య రంగు పూసుకుని, జడ కట్టుకుని కూర్చున్నాడు. నోటికి తాళం. నేను పక్కనే చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను.

ఆమె ఫోన్‌లో మా పోయినేటి ఆట తీసి చూపించింది. "ఇక్కడ రాణి తన జడ కొస మీ చేతిలో పెడుతుంది. మీరు ఏదో అంటారు. ఆమె కూలబడి ఏడుస్తుంది. ఏమంటారు మీరు?"

నాకేం తెలుసు? అది మా తాతల కాలం తెలుగు. చెవిన పడింది, నోటికి వచ్చింది, అంతే. అదే ముక్క ఆమెతో అనొచ్చు కదా. అనలేదు.

"ఏ షాంపూ వాడుతున్నావమ్మా, ఇంత జుట్టు రాలిపోయింది అంటాను" అన్నాను. "అందుకే ఏడుస్తుంది."

ఆమె నవ్వలేదు. శ్రద్ధగా తలూపింది, ఫోన్‌లో రికార్డు అవుతూనే ఉంది. తర్వాత తన సంగతులు చెప్పింది. వాళ్ల దగ్గర కూడా ఒకప్పుడు వీధుల్లోనే ఆడేవారట, బళ్ల మీద. వడ్రంగులు ఒక కథ, రొట్టెలు కాల్చేవాళ్లు ఒక కథ పంచుకునేవారట. ఆడవేషాలూ మగవాళ్లవే. వరదొస్తోందని ముసలాయన ఓడ కడితే, పెళ్లాం ఎక్కనని మొండికేసి మొగుడికి నాలుగు తగిలించేదట.

"ఆవిడ మా ఇంట్లోనే ఉంది లా!" అన్నాను, మలాయ్ మాటల చివర వేసే తోకతో సహా. ఈసారి నవ్వింది.

"ఆ మాటలు పుస్తకాల్లో మిగిలాయి" అంది. "కానీ చెయ్యి ఎలా తిప్పేవారో, ఎక్కడ ఆగేవారో, ఎందుకో రాసి లేదు. అడుగుదామంటే మనిషి లేడు. మీకు ఉన్నారు. మీరు చెప్పిన జవాబు నా దగ్గర చదువుకునే పిల్లలకు వినిపిస్తాను."

అప్పుడు అద్దంలో చూశాను. మావయ్య కళ్లు నా మీదే ఉన్నాయి. ఆయనకు మలాయ్ నాకంటే బాగా వచ్చు. ప్రతి ముక్కా విన్నాడు. కాటుక పెట్టే పుల్ల చేతిలో అలాగే ఆగిపోయింది. నోరు తెరవడానికి లేదు. నేను తెరిచి మాట దిద్దుకోవచ్చు, నాకు కట్టుబాటు లేదు. కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు తల వంచేశాను.

ఆట మొదలైంది. జడ ఘట్టం వచ్చింది. మావయ్య కొస నా చేతిలో పెట్టాడు, నేను నా మాట అప్పజెప్పాను. ఆయన కూలబడలేదు. జడ రెండో వైపు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటే సెలీ, ఇప్పుడు నువ్వన్నదానికి అర్థం ఏటే?"

జనం గొల్లుమన్నారు. ఆటలో భాగమే అనుకున్నారు. ఆ తెల్లామె కూడా చప్పట్లు కొట్టింది. ఎవడెంత మాటన్నా తిప్పికొట్టే నా నోట్లోంచి ఒక్క 'లా' కూడా రాలేదు. రంగు కింద చెవులు కాలిపోయాయి. మూరెడు జడ పట్టుకుని, రవికెలో గుడ్డలు కూరుకుని, ఏమీ తెలియనివాణ్ణి అందరి ముందూ నిలబడ్డాను.

"తెలవదా? పోనీలే. తెలిసినోలు ఇంకా బతికే ఉన్నారు" అని మావయ్య కూలబడి పాట ఎత్తుకున్నాడు.

ఆట అయ్యాక ఆయన కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటే వెళ్లి నిలబడ్డాను.

"మావా, ఆ జడ సంగతి ఏటి?"

"ముందు ఆవిణ్ణి పిలు. షాంపూ అబద్ధమని నీ నోటితోనే సెప్పు. అప్పుడు నాను సెప్తాను."

చీరలోనే వెళ్లి చెప్పాను. అన్నేళ్లుగా అంటున్న మాటకు నాకే అర్థం తెలియదని చెప్పడానికి మలాయ్‌లో మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె వచ్చి చాప మీద కూర్చుని మళ్లీ రికార్డు పెట్టింది.

"నా గొప్పలన్నీ ఈ జడలో అల్లీసినాను, ఇప్పవే అంటాది రాణి" అన్నాడు మావయ్య. "నానెలా ఇప్పుతానమ్మా, ముడి ఎక్కడేసినావో నీకే కదా తెలుసు అంటావు నువ్వు. అప్పుడు ఏడుస్తాది."

మలాయ్‌లోకి తిప్పి చెబుతూ ముడి దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఆమె నా వైపు చూడకుండా ఫోన్ వైపు చూసింది. అదే నయం.

"ఇంకేటి?" అన్నాడు మావయ్య.

ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. పాటలో సగం మాటలు నాకు తెలియవు. "తెర ఎనకాల నుంచి వచ్చినప్పుడు రాణి మొహం ఎందుకు తిప్పుకుంటాది మావా?" అన్నాను చివరికి.

ఆయన నూనె గుడ్డ పక్కన పెట్టాడు. నుదుటి మీద ఇంకా సగం రాణి ఉంది.

"ఇన్నాళ్లకి అడిగినావురా అల్లుడా. కూకో. సీర నలుగుతాదని నిలబడకు, శానా సేపు పడతాది."