తూటాల అంగడి మీద మా మేనత్త పగ

మా మేనత్త పోయింది. పెనుకొండ బస్సు దిగిన వాళ్ళ ఊరి మనిషి మా వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పాడు. పొద్దున్నే పశువులకు మేత వేసి, చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుందట. కూర్చున్నది అట్లే గోడకు ఒరిగిపోయిందట. ఏడుపు కంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది. హిందూపురంలో మామకు తూటాలమ్మిన ఆ అంగడాయన ఈ రోజు కడుపు నిండా అన్నం తింటాడు కదా అనుకున్నాను. ఆయన అంత నిశ్చింతగా తినకూడదనే ఇది రాస్తున్నాను.

మా అత్త గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కోపం వస్తే ఆ గొంతు ఇంకా తగ్గేది. మామ ఆమెకు పూర్తిగా ఎదురు. భజనలో ఆయన పాట అందుకుంటే పక్క ఊరికి వినపడేది. పెనుకొండ దగ్గర కొండ వాలులో వాళ్ళకు చెనక్కాయ చేను ఉండేది. భూమిలో కాయ ఊరే రోజుల్లో అడవిపందులు దిగేవి. వాటిని తరమడానికి మామకు లైసెన్సు తుపాకి ఉండేది. ఒంటి గొట్టం. ఒక తూటా పేల్చి, తీసేసి, ఇంకోటి పెట్టుకోవాలి.

పందొమ్మిదివందల యాభైల చివర్లో ఒక సాయంత్రం పందుల మంద చేలోకి దిగింది. మామ కాల్చాడు. పెద్ద శబ్దం రాలేదు, తుస్సుమంది. గురి తప్పిందేమో అనుకుని ఇంకో తూటా పెట్టి మళ్ళీ కాల్చాడు. ఈసారి తుపాకి గొట్టమే పగిలింది. ఎడమచేతి వేళ్ళు పోయాయి. రెండు కళ్ళూ పోయాయి.

నా పెళ్ళయి హిందూపురానికి వచ్చిన కొత్త. మామను అక్కడి ఆసుపత్రికే తెచ్చారు. విచారణకు వచ్చిన పోలీసు జమేదారు సంగతి విడమరచి చెప్పాడు. మొదటి తూటాలో మందు చెడిపోయింది. సీసం గుండ్లు బయటికి పోకుండా గొట్టంలోనే ఇరుక్కున్నాయి. రెండో తూటాకు దారి లేకపోయింది.

అత్త తల వంచుకుని వింది. పక్క మంచం మీద ఉన్న రోగిని చూడవచ్చిన లేపాక్షి రైతొకాయన కూడా విన్నాడు. ఆయన లేచి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆ తూటాల డబ్బా మీద పసుపూ కుంకుమ ఉండెనా?"

అత్త తలెత్తింది. "ఉండె. అంగడాయన ఆయుధపూజ చేసింటాడులే అనుకుంటి."

"పూజ చేసింది నేనమ్మా. ఒకటి కాలిస్తే తుస్సుమనె. గొట్టం తుడిచి ఇంకోటి కాలిస్తే అదీ తుస్సుమనె. ఇవి మంచివి కాదప్పా, ఎవురికీ ఇయ్యద్దు అని చెప్పి మళ్ళీ ఈ ఊరి తూటాల అంగట్లోనే ఇచ్చొస్తి."

అత్త ఆయనకు దండం పెట్టింది. నా వైపు తిరిగి, "పాపా, ఆ అంగడి యాడుండాదో చూపిస్తువు రా" అంది. మామ కట్లలోంచే గొణిగాడు. "వదిలెయ్యే. పోయిన కండ్లు వస్తాయా?"

"నువ్వు వదిలెయ్యి. నేను వదల్ను" అంది.

సంత రోజు. బజారంతా జనం. అంగడాయన గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆయన కొడుకు, పాతికేళ్ళవాడు, మరమ్మతుకు వచ్చిన తుపాకి ఒకటి నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. అత్త మెట్టెక్కి తానెవరో చెప్పింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"ఫ్యాక్టరీ సరుకమ్మా. నేను చేసిందా అది?"

"చేసింది వాళ్ళు. చెడ్డదని తెలిసీ అమ్మింది నువ్వు."

"తెలీదమ్మా, దేవుని తోడు. అన్నీ మంచి తూటాలే."

"అట్లయితే ఆ డబ్బాల్లో ఒకటి తీసి నువ్వే కాల్చప్పా. వెనక బీడుంది. నేను చూసి పోతా."

"నాకు కాల్చేది రాదమ్మా."

"నీ కొడుక్కు వస్తుంది కదా."

కొడుక్కు పౌరుషం వచ్చింది. "దానికేముందమ్మా, ఇప్పుడే కాల్చి చూపిస్తా" అని డబ్బా అందుకోబోయాడు. అంగడాయన గల్లా పెట్టె మీదుగా దూకినంత పని చేసి వాడి చేయి పట్టుకున్నాడు.

"వద్దురా! తాకద్దు!"

బజారంతా విన్నది ఆ మాట. కొడుకు తండ్రి ముఖం చూశాడు. డబ్బా కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అంగడి దిగి వెళ్ళిపోయాడు. అత్త మెట్టు దిగి ఆసుపత్రి దారి పట్టింది.

తర్వాత అధికారులు వచ్చి ఆ డబ్బాలు పట్టుకుపోయారు. తుపాకిని బండికి కట్టి, దూరం నుంచి తాడు లాగి ఒక్కో తూటా పేల్చి చూశారు. పేల్చిన ప్రతిసారీ గొట్టం శుభ్రంగా ఉందో లేదో చూశాకే ఇంకోటి పెట్టారు. తుస్సుమన్నవి చాలానే తేలాయి. తేమలో పెట్టి అంగడాయనే చెడగొట్టాడంది కంపెనీ. చెడ్డవే పంపారన్నాడు అంగడాయన. అంగడి లైసెన్సు పోయింది.

అత్తకు అది చాల్లేదు. లైసెన్సు కోసం ఆయన మళ్ళీ అర్జీ పెట్టినప్పుడల్లా, మామను చేయి పట్టి నడిపించుకుంటూ పెనుకొండలో సర్కారు కచేరీకి పోయేది. "ఈయన ముఖం చూసి సంతకం పెట్టండి సార్" అనేది. ఏ అధికారీ పెట్టలేదు.

ఒకసారి బస్సులో మామ ఏడ్చినంత పని చేశాడు. "సంతలో ఎద్దును చూపించినట్ల చూపిస్తాండావే నన్ను." అత్త ఆయన చేయి వదల్లేదు. నేనుండబట్టలేక, "ఫ్యాక్టరీ వాళ్ళను వదిలి ఈయన ఒక్కడి మీదే ఎందుకత్తా ఇంత పంతం?" అని అడిగాను. "ఫ్యాక్టరీకి ముఖం యాడుండాది పాపా? ఈయనకుండాది" అంది.

ఊళ్ళో ఎవరు తూటాలు తెచ్చుకున్నా ముందు ఆమెకు చూపించేవాళ్ళు. పళ్ళెంలో పోసి ఒక్కోటీ దొర్లించేది. ఉబ్బినదాన్ని, ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టినదాన్ని పక్కకు తీసేది. చేనికి పోయేవాళ్ళకు చెప్పిందే చెప్పేది. "తుస్సుమంటే ఆగండి. తూటా తీసేసి గొట్టంలోనించి చూడండి. అవతల వెలుతురు కనపడకుంటే ఇంటికి రాండి. పందులు తింటే తినిపోనీ." మా ఊళ్ళలో కొందరి కళ్ళు ఆ మాట వల్లే నిలిచాయి. తుపాకితో చేనికి కాపలా పోయిన నా భర్త కళ్ళు కూడా.

మామ పోవడానికి ముందు వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం జట్కా ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. దిగింది అంగడాయనే. బాగా చిక్కిపోయాడు. కొడుకు అప్పుడు అంగడి దిగినవాడు మళ్ళీ గడప తొక్కలేదని విన్నాను. అంగడాయన కండువా నెత్తిన వేసుకుని ఎండలోనే నిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. ఆయప్పను ఒక్కసారి చూసి, కాళ్ళు పట్టుకుని పోతా."

అత్త ఆయన ముఖం చూడలేదు. జట్కా గుర్రం వైపు చూసింది. దాని నోటి వెంట నురగ కారుతోంది. లోపలికి పోయి బిందెడు నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. జట్కావాడికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. అంగడాయన పెదవులు తడుపుకుంటూ చూస్తున్నాడు.

లోపలి నుంచి మామ కేకేశాడు. "ఎవురే వచ్చింది?"

"గుర్రమయ్యా. దప్పికతో వచ్చింది" అంది అత్త.

గుర్రం తొట్టిలో మూతి పెట్టి చాలాసేపు తాగింది. తల ఎత్తినప్పుడు దాని గడ్డం నుంచి నీళ్ళు ధారగా కారి అంగడాయన చెప్పుల ముందర దుమ్ములో ఇంకిపోయాయి.