మల్లెకి అత్తరు రాసిన పండగ

మా చిన్నప్పుడు... బందరులో మా పెరట్లో, నీళ్ళతొట్టి పక్కన, రెండు కుందేళ్ళు ఒకదాన్నొకటి చంపుకోబోయాయి. దానికి కారణం నేనే. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు.

నల్లది రాణీ... మా ఆపాది, అంటే మా అక్కది. తెల్లది మల్లె, నాది. రెండూ ఒకే ఈతలో పుట్టిన ఆడవి. నాన్నని మేం అబ్బా అనేవాళ్ళం. ఆయన రోల్డుగోల్డు నగలకి మెరుగుపెట్టే పని చేసేవారు. ముదినేపల్లిలో చేపల చెరువులున్న ఆయన స్నేహితుడు సత్యం మావయ్య మాకు వాటిని ఇచ్చాడు.

కలిసే తినేవి, కలిసే పడుకునేవి. కాకపోతే పెత్తనమంతా రాణీది... మల్లెని తొట్టి చుట్టూ తరిమేది, వీపెక్కేది, నోట్లో తోటకూర కాడ లాక్కునేది. అదంతా అయ్యాక దాని ముందుకొచ్చి తల నేలకి ఆనించి కూర్చునేది. మా పిచ్చి మల్లె బుద్ధిగా దాని నుదురు నాకేది!

నాకు ఒళ్ళు మండిపోయేది. "నా మల్లె నీ రాణీకి పనిమనిషా?" అనేదాన్ని.

"తల వంచింది నా రాణీయే కదే... సారీ చెప్తోంది" అని ఆపా నవ్వేది.

ఇంట్లోనూ పెత్తనం ఆపాదే లెండి. బస్సులో కిటికీ పక్క సీటు తనది, కొత్త రిబ్బను ముందు తనది. ఆ ఉక్రోషం కూడా ఉందేమో, రాణీ తరిమినప్పుడల్లా మల్లెని ఎత్తుకెళ్ళి మామిడిపళ్ళ పెట్టెలో విడిగా పెట్టేదాన్ని. కాపాడుతున్నాననుకున్నాను... నా మొహం!

రంజాన్ పండగ పొద్దున... అబ్బా నమాజుకి వెళ్ళారు, అమ్మీ వంటింట్లో సేమ్యా దగ్గర ఉంది. ఆపా అత్తరు సీసా గూట్లో కనిపించింది. అందరికీ కొత్త బట్టలు, అత్తరు... మల్లెకి మాత్రం పండగ వద్దా? దూదితో దాని మెడకీ, చెవుల వెనకా రాసేశాను. ముచ్చటగా తీసుకెళ్ళి రాణీ దగ్గర వదిలాను.

రాణీ ఒక్కసారి వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చింది. అంతే... రెండూ ఉండచుట్టుకుని గిరగిరా దొర్లాయి. బొచ్చు గాల్లోకి లేచింది. మల్లె కీచుమని అరిచింది. కుందేలుకి గొంతుంటుందని నాకు ఆరోజే తెలిసింది. ఆపా చెయ్యిపెట్టి విడదీస్తే తన వేలు తెగింది. మల్లె చెవి చీలి ఒకటే రక్తం... అమ్మీ పసుపద్దింది.

మర్నాడు కలిపి చూశాం, మళ్ళీ అదే. మూడోరోజూ అదే. ఇక అబ్బా ఊరుకోలేదు.

"పిల్ల వేలు కూడా తెగింది. ఈ రక్తాలు చూడటం నా వల్ల కాదు. రేపు రెండింటినీ మావయ్య దగ్గరికి తీసుకెళ్ళి, మల్లె చెవి చూపిద్దాం. పోట్లాడేదాన్ని అక్కడే వదిలేసి వద్దాం."

పోట్లాడేదంటే రాణీయే. ఆపా ఆ పూట అన్నం ముట్టలేదు. వాసన చూశాకే రాణీ మీద పడిందని నాకు తెలుసు... చెప్పలేదు. సీసా దొంగతనంగా తీసినందుకు వీపు విమానం మోత మోగుతుందని భయం. సిగ్గు విడిచి చెప్తున్నాను... ఆపా ఏడుస్తుంటే లోపల కాస్త సంతోషం కూడా.

గుడివాడ బస్సు కిక్కిరిసిపోయింది. రాణీ గంపలో, మల్లె వైరుబుట్టలో. పెడన దాటగానే బుట్ట పిడి పుటుక్కున తెగింది. "ఏవండీ, రెంటినీ ఒకదాన్లో సర్దుకోండి... లేదంటే దిగిపోండి!" అని కండక్టరు కేకేశాడు.

చేసేది లేక అబ్బా మల్లెని కూడా గంపలోకి దించి, తుండుగుడ్డ కప్పారు. గంపని ఆపా ఒకవైపు, నేనొకవైపు పట్టుకున్నాం. గుంత వచ్చినప్పుడల్లా గంప ఎగిరిపడేది. ఆ కీచుమనే అరుపు ఎప్పుడు వినిపిస్తుందోనని గంపకి చెవి ఆనించి కూర్చున్నాను. ఆపా పెదవులు కదులుతున్నాయి... దువా చేస్తోంది.

గుడివాడ బస్టాండులో గంపని బల్ల మీద పెట్టి ఆపా గుడ్డ తీసింది. రెండూ ఓ మూల అతుక్కుపోయి వణుకుతున్నాయి. రాణీ మూతి మల్లె కడుపు కింద ఉంది.

ముదినేపల్లిలో సత్యం మావయ్య మల్లెని ఎత్తి మెడ దగ్గర వాసన చూశాడు.

"ఇదేంటి బావా, అత్తరు పూశారా? కుందేలుకి చుట్టరికమంతా ముక్కుతోనే. అత్తరు కొడితే సొంత చెల్లెలైనా పరాయిదే! పైగా మాటిమాటికీ విడదీస్తున్నట్టున్నారు... తరుముకోడం, ఎక్కడం, అదంతా పెద్దెవరో తేల్చుకోడం. రక్తం రానంతవరకూ మనం మధ్యలోకెళ్ళకూడదు. బస్సు కుదుపులకి భయపడి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కాబట్టి సరిపోయింది."

"మరి తల వంచుతుంది కదా మావయ్యా?" అన్నాను.

"అదా... నన్ను నాకమని అడగటం. పెద్దదే అట్టా అడుగుద్దమ్మా."

అబ్బా మా ఇద్దరివైపూ తిరిగారు. "అత్తరు ఎవరు రాశారు?"

ఆపా నావైపు ఒక్కసారి చూసింది. తల వంచుకుంది.

"నేనే అబ్బా."

చెంప ఛెళ్ళుమంది. రెండో దెబ్బ పడకుండా మావయ్య అడ్డొచ్చాడు. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

రెండు కుందేళ్ళూ ఒకే గంపలో బందరు తిరిగొచ్చేశాయి. దారిలో ఆపా నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీ పక్క సీటు మాత్రం తీసుకుంది.

ఇప్పుడు ఆ పెరడంతా సిమెంటు చేశారు, కుందేళ్ళూ లేవు. ఆపా అవనిగడ్డలో, నేను బందరులో. చుట్టాల నిశ్చితార్థంలో ఏదో మాట పట్టింపొచ్చి మూడేళ్ళుగా మాటల్లేవు... ఎవరి పెట్టెలో వాళ్ళం. అప్పుడైతే మమ్మల్ని ఒకే బస్సెక్కించడానికి అబ్బా ఉన్నారు.

మీ తప్పు తన నెత్తిన వేసుకున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు... ఎవరో కింద రాయండి. వీలైతే వాళ్ళకే చెప్పండి.

ఆపా... లైకు కొట్టకపోయినా నేను రాసేవన్నీ చదువుతావని నాకు తెలుసు. అత్తరు రాసింది నేనే. నీకూ తెలుసు. ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కుతున్నాను... తలుపు తియ్యి.