గొంతు దాచుకోలేని మిర్వెల్

నాచుసందు మిర్వెల్ సాధించిన మొదటి ఘనకార్యం ఒక తుమ్మును ఆపుకోవడం. పైలోకం వాళ్ళు ఈ మాట విని నవ్వుతారేమో గాని, కొండ కింది ఊడ్రెల్‌లో ఎవరూ నవ్వరు. ఇక్కడ నవ్వడం కూడా నేరమే.

ఎల్ఫులంటే చెట్ల కింద పాటలు పాడుకుంటూ తిరిగేవాళ్ళని పైన అనుకుంటారట. కొండ కింద పుట్టిన ఎల్ఫులకు ఆ భాగ్యం లేదు. ఇక్కడ గొంతు పెద్దిళ్ళవాళ్ళ సొత్తు, రాతిగోడకు తగిలి తిరిగొచ్చే ప్రతి ప్రతిధ్వనీ వాళ్ళదే. కింది సందుల వాళ్ళు గొంతులోనే మాట్లాడుకోవాలి. నాచు చెప్పులు తొడుక్కుని నడవాలి. గిన్నెకు గిన్నె తగలకుండా వండుకోవాలి. ఎవరి చప్పుడైనా గోడకు తగిలి మారుమోగిందంటే వినికిడి దొరలు దిగుతారు, చెవి కొన మీద ఒక గాటు పడుతుంది. మూడో గాటు పడితే అడుగుబావికి పంపిస్తారు. అక్కడ నీళ్ళు తోడే చక్రాల మోతకు కొన్నాళ్ళకే వినికిడి పోతుంది. వినికిడి పోయినవాళ్ళు ఈ చీకట్లో ఎంతకాలం బతుకుతారో చెప్పనక్కర్లేదు.

గాటు పెట్టేది మాత్రం దొరలు కాదు, ఇంటివాళ్ళే పెట్టాలి. చేయి వణికితే పెట్టేవాళ్ళ చెవికీ ఒకటి పడుతుంది.

మిర్వెల్ పెద్దమ్మ హెస్సరీన్ తన సొంత చెల్లెలికి మూడు గాట్లూ తన చేత్తోనే పెట్టింది. మూడోది, ఒళ్ళో ఉన్న పసిపిల్లకు జోల పాడినందుకు. అప్పుడు కూడా హెస్సరీన్ చేయి వణకలేదు. వణికితే ఆ పసిపిల్లను చూసుకునే దిక్కుండేది కాదు. చెల్లెలు అడుగుబావికి వెళ్ళింది, పిల్ల హెస్సరీన్ ఒళ్ళోకి వచ్చింది. వచ్చిన క్షణం నుంచి ఒకటే ఏడుపు. ఆ నోటికి నాచు ముద్ద అడ్డం పెట్టి, గుండెకు అదుముకుని, "ఏం పిల్లవే నువ్వు! మీ అమ్మకు సరిపోయిన కూతురివి!" అని గొణుక్కుంటూ గుహ గుహా తిరిగింది. ఆ గొణుగుడు ఇప్పటికీ ఆగలేదు.

ఇక తుమ్ము సంగతి. పుట్టగొడుగుల పొడి ముక్కు కింద పెట్టి హెస్సరీన్ పిల్లకు తర్ఫీదు ఇచ్చేది. పిల్ల తుమ్మడం, పెద్దమ్మ దుప్పటి కప్పడం, మళ్ళీ మొదలు. చివరికి పెద్దింటి ముసలి దొరసాని శవం నాచుసందు ముందు నుంచి సాగిపోతుండగా, వాళ్ళు దారి పొడవునా పుట్టగొడుగుల పొడే చల్లుతుండగా, మోకాళ్ళ మీద ఉన్న మిర్వెల్ తుమ్ము ఆపుకుంది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారి, మొహం నీలం తిరిగి, ఊరేగింపు దాటాక అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది గాని తుమ్మలేదు. ఆ పూట హెస్సరీన్ గుడ్డిచేపను ముక్కలు చెయ్యకుండా మొత్తం పిల్ల పళ్ళెంలోనే పెట్టింది.

ఆ తర్వాత మిర్వెల్ ఘనకార్యాలు చాలానే ఉన్నాయి. కంకర మెట్ల మీద చప్పుడు లేకుండా పరిగెత్తింది. మడుగులో గుడ్డిచేపను వల లేకుండా వట్టి చేత్తో పట్టింది. రాతికి చెవి ఆనించి లోపల నీరు ఎటు పారుతోందో చెప్పేది, సందులో పెద్దవాళ్ళెవరికీ ఆ విద్య రాలేదు. ఇన్ని వచ్చిన పిల్లకు నోరు మూసుకోవడం ఒక్కటే రాలేదు.

మొదటి గాటు నవ్వినందుకు. పుట్టగొడుగుల కోతకు పెద్ద అయిన టోవిండ్ కాలు జారి తన చేపల మడుగులో తానే పడ్డాడు. సందంతా పెదవులు కొరుక్కుని నిలబడితే ఈ పిల్ల మాత్రం పకపకా నవ్వింది. రెండో గాటు ఇంకా అన్యాయం. పక్కింటి ముసలాయన దగ్గినందుకు అతని కొడుకు చేత గాటు పెట్టిస్తుంటే, "ఎందుకు?" అని దొరల మొహం మీదే అరిచింది.

రెండుసార్లూ హెస్సరీనే కోసింది. రెండోసారి ఇంటికొచ్చి, గాయానికి నాచు పసరు రాస్తూ ఉంటే పిల్ల మెల్లగా నోరు విప్పింది.

"పెద్దమ్మా, ఒక మాట అడగనా?"

"అడక్కు."

"ఇంకా అడగనే లేదుగా."

"మొదలెట్టాక నిన్ను ఆపడం నా తరం కాదు గనక ముందే చెబుతున్నా. జావ తాగు."

"మా అమ్మ గొంతు ఎలా ఉండేది?"

హెస్సరీన్ పసరు గిన్నె కింద పెట్టింది. "పెద్దగా ఉండేది. అందుకే ఇవాళ ఇక్కడ లేదు. ఇంకో గాటు పడితే నువ్వూ ఉండవు. ఆ కత్తి మళ్ళీ నా చేత పట్టించావంటే, మిర్వెల్, నిన్ను బావికి పంపేముందు నేనే దూకుతా. అర్థమవుతోందా? తలూపు. నోటితో చెప్పక్కర్లేదు."

పిల్ల తలూపింది. అలా తలూపడం ఇంతకుముందు కూడా చాలాసార్లు చూసింది హెస్సరీన్.

కోతల కాలం వచ్చింది. నాచుసందు జనమంతా కొండ కడుపులోని పుట్టగొడుగుల మెట్ల మీద వరసలుగా వంగి ఉన్నారు. మిర్వెల్ పై మెట్టు మీద గోడకు చెవి ఆనించి, ఉన్నట్టుండి ఆగిపోయింది. రాతి వెనక పారే నీటి చప్పుడు వినిపించలేదు. దాని బదులు ఏదో కిర్రుమంటోంది. గబగబా టోవిండ్ దగ్గరికి దిగింది.

"బాబాయ్, పైకప్పు కదులుతోంది. అందర్నీ బయటికి పంపు."

"పంట సగం కూడా కోయలేదు," అన్నాడు టోవిండ్ తలెత్తకుండా. "గంపలు నిండకుండా వెళ్తే పెద్దిళ్ళవాళ్ళు నా చెవులు తీసుకుంటారు. నీ చెవులు నువ్వు చూసుకో, ఇప్పటికే అరిగిపోయాయి."

"బాబాయ్, రాయి..."

"పోవే, పో. పని చూసుకో."

మెట్టు మెట్టుకూ దిగి చెవిలో చెప్పే వ్యవధి లేదు. చివరి మెట్ల వాళ్ళు మరీ దూరంగా ఉన్నారు, వాళ్ళ మధ్యలో హెస్సరీన్ కూడా ఉంది. మిర్వెల్ ఛాతీ నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"పరిగెత్తండి!"

మా వాళ్ళు పరిగెత్తారనుకుంటున్నారా? గోడకు చప్పుడు తగిలి మోగిందంటే అది తమది కాదని చూపించడానికి ఉన్నచోటే మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో నోరు మూసుకోవాలి. పుట్టినప్పటి నుంచి ఒంటపట్టిన అలవాటు అది. మెట్ల మీద ఉన్న అందరూ, నెత్తి మీద కొండ విరుగుతుంటే, గంపలు వదిలేసి మోకాళ్ళ మీద పడి నోళ్ళు మూసుకున్నారు. టోవిండ్ అందరికన్నా ముందు మూసుకున్నాడు.

"నోళ్ళు మూసింది చాలు, కాళ్ళు కదపండి! కొండ పడుతోంది!" మిర్వెల్ మళ్ళీ అరిచింది. "లేవండి!"

మొదట లేచింది హెస్సరీనే. దేవుడా, ఈ పిల్ల నన్ను చంపేస్తుంది అనుకుంటూ లేచి, పక్కనున్న వాళ్ళను జుట్టు పట్టి, భుజం పట్టి, వీపు మీద గుద్ది లేపింది. ఒకరిని చూసి ఒకరు కదిలారు. చివరివాళ్ళు గుహ వాకిలి దాటగానే పైకప్పు ఊడి మెట్లన్నిటినీ కప్పేసింది. ఒక్క ప్రాణం పోలేదు. ఇది మిర్వెల్ ఘనకార్యాలన్నిటిలోకీ పెద్దదని నాచుసందులో ఎవరైనా ఒప్పుకోవాలి. ఆ రోజు మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

దుమ్ము అణగకముందే వినికిడి దొర కల్దోరన్ దిగాడు. కూలిన కొండ వైపు చూడనైనా లేదు.

"అరుపు ఎవరిది?"

టోవిండ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మాకేం తెలుసు దొరా. పై మెట్టు మీద నుంచి వచ్చినట్టుంది. పై మెట్టు మీద ఎవరున్నారో..."

"నాది," అంది హెస్సరీన్.

కల్దోరన్ ఆమె వైపు తిరిగాడు. రెండు చెవులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. "నీదా? నువ్వు పుట్టి రెండొందల ఏళ్ళయింది. ఒక్కసారి కూడా నీ గొంతు ఈ గోడకు తగిలినట్టు మేం వినలేదే."

"అందుకే మీకు గుర్తు తెలియలేదు దొరా."

సందేహం వస్తే పరీక్ష అరుపు పెట్టడం ఆచారం. ఒక్క అరుపుకు దొర అనుమతి ఇస్తాడు, గొంతు సరిపోల్చుకుంటాడు. "అయితే అరిచి చూపించు," అన్నాడు కల్దోరన్.

హెస్సరీన్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. కీచుమని ఒక చిన్న శబ్దం వచ్చి గొంతులోనే ఆగిపోయింది. రెండొందల ఏళ్ళు మింగిన గొంతు పిలవగానే వస్తుందా? టోవిండ్ మూతి బిగబట్టుకుని కింద చూశాడు.

అప్పుడు మిర్వెల్ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని చెవిలో అంది. "వద్దు పెద్దమ్మా. నేనే అని చెప్పేస్తా."

అంతే. హెస్సరీన్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు నోరు ముయ్యవే!"

ఆ అరుపుకు గుహ దద్దరిల్లింది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఆగలేదు.

"ఎన్నిసార్లు చెప్పానే నీకు! తుమ్మొద్దన్నా, నవ్వొద్దన్నా, ఎందుకని అడగొద్దన్నా! ఒక్కటి విన్నావా? నీకోసం నా చెల్లెల్ని నా చేత్తో కోశానే! అది పాడిందని కోశా, నువ్వు నవ్వావని కోశా! ఇంక కొయ్యను! వినపడుతోందా దొరా, ఇంక కొయ్యను!"

ప్రతిధ్వనులు ఒకదాని వెనక ఒకటి పైకి పాకి పెద్దిళ్ళ వాకిళ్ళు తట్టాయి. కల్దోరన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. రక్తం ఒకటే కాబట్టి గొంతూ ఒకటే, పిల్ల అరుపుకూ ఈ అరుపుకూ తేడా పట్టడం అతని వల్ల కాలేదు.

"గొంతు సరిపోయింది," అన్నాడు చివరికి. "కోతల్లో అరిచినందుకు ఒక గాటు. అనుమతి ఇచ్చింది ఒక్క అరుపుకు, ఆ పైన అరిచినదానికి ఒకటి. దొర చెవులు మూయించినందుకు ఒకటి. మూడూ ఇప్పుడే." కత్తి తీసి మిర్వెల్ చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే.

మిర్వెల్ కత్తి వైపు చూసింది. హెస్సరీన్ తల పక్కకు వంచి చెవి ముందుకు పెట్టింది. "కానీ. తొందరగా. నేను నీకు కోసినట్టే, చేయి వణకకుండా."

"నేను కొయ్యను."

"మళ్ళీ మొదలెట్టావా!" హెస్సరీన్ గొంతు మళ్ళీ పాత గుసగుసకు దిగింది. "కత్తి పట్టనంటే నిన్ను పై వాకిలి నుంచి బయటికి తోసేస్తారే. ఆ వెలుగుకు కళ్ళు పోతాయే పిచ్చిదానా!"

"పోతే పోనీ. చెవులున్నాయిగా." మిర్వెల్ కత్తిని మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. "దొరా, గాటు ఇంటివాళ్ళే పెట్టాలి కదా? నేను వెళ్ళిపోతే ఈవిడ ఇంట్లో ఇంకెవరున్నారు?"

కల్దోరన్ వంగి కత్తి తీసుకున్నాడు. పెద్దిళ్ళవాళ్ళు రాసిపెట్టుకున్న ఆచారమే అది. కత్తి పట్టననే వాళ్ళు బయటికి పోవాలి. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఇంటి తీర్పు అలాగే ఆగి ఉంటుంది. బయటికి తోసినవాళ్ళు తిరిగి రావడం ఎప్పుడూ జరగలేదు కాబట్టి దీని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ రోజే పై వాకిలి తెరిచారు. వెలుగు లోపలికి పడుతుంటే అందరూ మొహాలు తిప్పుకున్నారు. హెస్సరీన్ మాత్రం చేతిలోని జావ కుండ పిల్ల చంకలో కుక్కి, మెడకు నాచు శాలువా చుట్టి, "దారిలో తాగు, పారబోయకు, చెప్పులు తడుపుకోకు," అని పోరుతూనే ఉంది, వాకిలి మూసేదాకా.

మిర్వెల్ కళ్ళు పోలేదు. ఉప్పు తెచ్చే మరుగుజ్జులు వాకిలి దగ్గర చెప్పే కబుర్లను బట్టి, పిల్ల పైన చెయ్యని పని లేదు. వంతెన కింది రాతి రాకాసిని దాని ఊపిరి చప్పుడు బట్టి గుర్తుపట్టి చంపింది. బానిసల ఓడలో గొలుసులు తెంపింది. పొగమంచులో దారి తప్పిన ఒక సైన్యాన్ని చెవి నేలకు ఆనించి ఒడ్డుకు చేర్చింది. మనుషుల రాజు ఆమెకు ఒక ఊరు ఇస్తానంటే వద్దందట. పైలోకంలో ఆమె మీద పాటలు కూడా కట్టారట.

"పాటలా?" అంది హెస్సరీన్ ఉప్పు మూట అందుకుంటూ. "ఊరు వద్దందా? ఎవరైనా వద్దంటారా? వేళకు తింటోందా లేదా, అది చెప్పండి ముందు. రాకాసులు ఆగుతాయి."

"తింటోందమ్మా. ఇంకో మాట కూడా చెప్పమంది. మళ్ళీ ఉప్పు కోసం పై వాకిలి తెరిచినప్పుడు తిరిగొస్తుందట."

హెస్సరీన్ మూట జారవిడిచింది. ధబ్బుమని చప్పుడైంది, గోడ తిరిగి పలికింది. నాచుసందు వాళ్ళెవరూ మోకాళ్ళ మీద పడలేదు.

"వస్తే ఆ మూడు గాట్లూ మళ్ళీ లేస్తాయని తెలియదా దానికి!"

"తెలుసంది. అడుగుబావి గొలుసులు కూడా తెంపి చూస్తానంది. మీరు ఒప్పుకోరని కూడా చెప్పింది."

"ఒప్పుకోను! ఎలా ఒప్పుకుంటా! బావిలో ఉన్నవాళ్ళకు చెవులు సరిగా వినపడవు, అరిచి పిలవాలి, అది ఒక్కతే ఎంతని అరుస్తుంది?" హెస్సరీన్ తల పట్టుకుని గోడకు ఆనుకుంది. తర్వాత చుట్టూ చూసింది. టోవిండ్ నిలబడి ఉన్నాడు, అతని వెనక సందు జనం నిలబడి ఉన్నారు.

"ఎప్పుడు తెరుస్తారు వదినా?" అని అడిగాడు టోవిండ్. గొంతులో కాదు, బయటికే.

"గబ్బిలాలు తిరిగొచ్చే నెల, నీళ్ళు తగ్గే పక్షం, తొమ్మిదో రోజు," అంది హెస్సరీన్, తనూ గొంతు తగ్గించకుండా.