జపాను బొమ్మల పుస్తకం, నర్సింహ కాలు

1969 వేసవి. కాపురం తార్నాకలో, ఉద్యోగం యూనివర్సిటీ ఆవరణలో. విద్యార్థుల కోసం అక్కడున్న చిన్న ఆసుపత్రిలో నేను వార్డు సిస్టర్‌ని. జ్వరాలు, పచ్చకామెర్లు, పరీక్షల ముందు మాత్రమే వచ్చే కడుపునొప్పులు, ఇవీ మా మామూలు కేసులు. ఆ ఏడు మాత్రం ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రగులుతోంది. తరగతులు లేవు. ఊరేగింపులు, రాళ్లు, లాఠీలు, తలలకు కుట్లు. మాది తెనాలి పక్క పల్లె. నోరు తెరిస్తే చాలు, నా ఊరేదో ఎదుటివాళ్లకు తెలిసిపోయేది. అందుకని బస్సులో పెదవి విప్పకుండా కూర్చునేదాన్ని. నాకు అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదని మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

నర్సింహ ఆ రోజుల్లోనే మా వార్డుకు వచ్చాడు. ఎమ్మే విద్యార్థి, భువనగిరి దగ్గర పల్లె, యూనివర్సిటీ కబడ్డీ జట్టులో పేరున్న ఆటగాడు. ఊళ్లో ఆడుతూ పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. తండ్రి అతన్ని ఎముకలకు కట్టు కట్టే ఒకాయన దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. నొప్పి అంటే, నొప్పి ఉంటేనే ఎముక అతుకుతుందన్నాడట. కట్టు విప్పేసరికి కాలివేళ్లు బొగ్గులా నల్లబడ్డాయి.

దాన్ని గ్యాంగ్రీన్ అంటారు. నెత్తురు అందక మాంసం చచ్చిపోవడం. అది పొడిగా ఉన్నంతకాలం డాక్టర్లు తొందరపడరు. బతికిన చర్మానికీ చచ్చిన చర్మానికీ మధ్య ఒక గీత తేలేదాకా ఆగుతారు, దాన్ని లైన్ ఆఫ్ డిమార్కేషన్ అంటారు. ఎక్కడ కోయాలో ఆ గీతే చెబుతుంది. తడి పట్టిందంటే మాత్రం కథ మారిపోతుంది, విషం పైకి పాకుతుంది. నగరంలోని పెద్దాసుపత్రిలో దెబ్బలు తగిలినవాళ్లతో మంచాలు నిండిపోవడంతో, గీత తేలేదాకా అతన్ని మా దగ్గరే ఉంచారు. రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నలుపు అంచుకు కాస్త పైన సిరాతో గీత గీసేదాన్ని, అది పాకుతోందా లేదా తెలియడానికి. సర్జన్ వచ్చి చూసి, "తీయాల్సి రావచ్చు, చూద్దాం" అనేవారు. నర్సింహ చెవికి మొదటి మాట ఎక్కలేదు. "చూద్దాం" ఒక్కటే పట్టుకున్నాడు.

హాస్టల్లో అతని పక్క గదిలో రాళ్ల మీద పరిశోధన చేసే ఒక జపాను విద్యార్థి ఉండేవాడు. ఒకరోజు వచ్చి లావుపాటి బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక వాక్యం అయ్యేది. నాకు అర్థమైనంతలో, మా దేశంలో పిల్లలు బతకడం ఎలాగో ఇలాంటి పుస్తకాల్లోనే నేర్చుకుంటారు, ఇందులో కుర్రాడు చాలా ధైర్యవంతుడు అన్నాడు. మర్నాడే రాళ్లు వెతకడానికి ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్లిపోయాడు. మీసాలొచ్చినవాడికి బొమ్మల పుస్తకమేమిటని నేను మూతి విరిచాను. నర్సింహ మాత్రం దాన్ని వదలలేదు. ఒక్క అక్షరం రాకపోయినా బొమ్మల్ని బట్టి కథ అల్లుకున్నాడు. నాకూ పేజీ పేజీ తిప్పి చెప్పాడు.

"గిది చూడుండ్రి సిస్టర్. మొదట్ల పిల్లగాడు చంకకర్ర పట్టుకొని పడవల నిలబడ్డడు. ఒక కాలు మడిచి కట్టిన్రు, అందుకే ప్యాంటు ఊగులాడుతున్నది. గీ ముసలామె వాళ్ల నాయనమ్మ. తర్వాత దవాఖానల పండుకున్నడు. నడుమ ఏదో బండి కిందికెళ్లి తప్పిచ్చుకున్నడు. ఆఖరికి చూడుండ్రి, ఎట్ల ఉరుకుతుండో! అందర్నీ దాటి పోతుండు."

"బాగుంది. మరి నువ్వూ అంత ఓపిక పట్టు" అన్నాను. కథ చెప్పాక అన్నం పూర్తిగా తినేవాడు. నాకు అదే పదివేలు.

తర్వాత ఒక ఉదయం వార్డులోకి అడుగు పెడుతూనే వాసన తగిలింది. ఆ వాసన ఒకసారి ఎరిగిన నర్సు మళ్లీ మరచిపోదు. కట్టు విప్పితే నలుపు నిన్నటి సిరా గీతను దాటింది, దాని పైన చర్మం ఉబ్బి ఎర్రగా ఉంది. జ్వరం మండిపోతోంది. కబురందుకుని సర్జన్ పరుగున వచ్చారు. చూసి, నన్ను పక్కకు పిలిచారు.

"ఇవాళ తీస్తే మోకాలు కింద తీస్తాను. మోకాలుంటే కట్టెకాలు పెట్టుకుని నడుస్తాడు. రేపు బంద్, రోడ్లన్నీ మూస్తారు. ఎల్లుండికి మోకాలు ఉండదు. ఆపైన మనిషి ఉంటాడని నేను చెప్పలేను."

అదే మాట నర్సింహకూ చెప్పారు. అతను పుస్తకం ఎత్తి చూపించాడు.

"వద్దు సార్. గీ పిల్లగాడు ఓపిక పట్టిండు, కాలు మంచిగైంది. నాకు గూడ అయితది."

"బొమ్మలు చూసి నాకు వైద్యం నేర్పుతున్నావా?" అని సర్జన్ కసిరారు. అది పొరపాటు. అతను గోడవైపు తిరిగిపోయాడు. "పెద్దాసుపత్రికి వ్యాన్ సిద్ధం చేయిస్తాను, మధ్యాహ్నంలోగా ఒప్పించండి. అతను ఊ అనకుండా నేను కత్తి పట్టను" అని నాకు చెప్పి ఆయన వెళ్లిపోయారు.

నేను బతిమాలాను, బెదిరించాను, వాళ్లమ్మ పేరు ఎత్తాను. చివరికి అతను ఇటు తిరిగి అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

"మీకేంది సిస్టర్, మీ కాలు కాదు గద! మా నౌకరీలు తీసుకున్నరు. ఇప్పుడు మా కాళ్లు గూడ కావాల్నా మీకు?"

చెంప పగిలినట్టయింది. ఇన్నాళ్లూ అతని మలమూత్రాలు ఎత్తిన చేతులివి. "మీ నాయన వచ్చాక ఆయనకే చెప్పుకో" అని విసురుగా బయటికొచ్చాను. వరండాలో నిలబడితే ఏడుపొచ్చింది. కోపమా, భయమా అంటే రెండూ. ఇరవై రెండేళ్ల పిల్లవాడు నా కళ్లముందే పైకి పైకి కుళ్లిపోతుంటే, నా యాస అడ్డం వచ్చి నా మాట అతనికి ఎక్కడం లేదు.

ఎండ నడినెత్తికొచ్చాక తండ్రి రాజయ్య వచ్చాడు. బస్సుల్లేక మల్కాజ్‌గిరి స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. వరండాలోనే అంతా చెప్పాను. ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"గా కట్టు కట్టిచ్చింది నేనే గద సిస్టరమ్మా. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె వానికి?"

"మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరండీ."

లోపలికి వచ్చాడు గానీ కొడుకు వైపు చూడలేకపోయాడు. స్టూలు మీద కూర్చుని, చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు మంచం మీది పుస్తకం తీసుకున్నాడు. రాజయ్య నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఆ తరం వాళ్లకు పుస్తకమంటే కుడివైపు నుంచి తెరిచేదే. అలవాటు కొద్దీ అటునుంచే తెరిచాడు. అది కాదండీ మొదలు అందామనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు అదొక్కటే తక్కువా అనిపించింది.

మొదట ఆయన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. కుర్రాడు పరుగెడుతున్న పేజీలవి. ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. కొన్ని పేజీలయ్యాక నవ్వు పోయింది. వేలు ఒక బొమ్మ మీద ఆగింది. మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకు. నేను గడియారం వైపు చూస్తున్నాను. వ్యాన్ డ్రైవరు అప్పటికే గుమ్మం దగ్గరికి రెండుసార్లు వచ్చి వెళ్లాడు.

"కొడుకా, గీ కథ నీకెట్ల సమజైంది? జర చెప్పు" అన్నాడు రాజయ్య మెల్లగా.

నర్సింహ విసుక్కుంటూనే చెప్పాడు. కర్ర, నాయనమ్మ, దవాఖాన, పరుగు. తండ్రి అడ్డం రాకుండా అంతా విన్నాడు.

"నేను గిట్లకెళ్లి చదివిన. గీడ ఉరుకుతుండు. గీడ బండి కింద పడ్డడు. గీడ దవాఖాన. గీడ..." ఆయన ఆ పేజీని కొడుకు వైపు తిప్పాడు. "గీడికెళ్లి కాలు లేదు కొడుకా. మడిచి కట్టలే."

"నువ్వు ఉల్టా చదివినవ్ నాయినా!"

"అయితే కావచ్చు. నాకు గీ భాష రాదు, నీకు రాదు." ఆయన రెండు పేజీలు పక్కపక్కన పట్టి చూపించాడు. "గీ అవ్వను చూడు. బుగ్గ మీద పుట్టుమచ్చ. గా నల్లవెంట్రుకల తల్లిని చూడు, గదే బుగ్గ, గదే పుట్టుమచ్చ. నాయనమ్మ కాదు, తల్లే. పిల్లగాడు ఉరికేటప్పుడు ఆమె వెంట్రుకలు నల్లగున్నయి. పడవల ఉన్నప్పుడు తెల్లగున్నయి. తెల్లవెంట్రుకలు నల్లగైతయా బిడ్డా?"

నేనూ వంగి చూశాను. పుట్టుమచ్చ ఉంది. ఎన్నిసార్లు చూశాను ఆ పుస్తకాన్ని, నాకు ఒక్కసారీ కనబడలేదు. జపాను పుస్తకాలూ ఉర్దూ పుస్తకాల్లాగే కుడినుంచి మొదలవుతాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నర్సింహ పుస్తకం లాక్కుని కుడినుంచి తిప్పడం మొదలుపెట్టాడు. కాలు లేని మొదటి బొమ్మను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నేను అతని భుజం పట్టుకోబోయి ఆగాను. పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. చివరి పేజీలో కుర్రాడు పడవ వెనక కొసన చంకకర్ర ఆనించుకుని, తెడ్లు వేసేవాళ్ల మీద నోరంతా తెరిచి కేకలు పెడుతున్నాడు.

"కాలు లేకుంటనేనా ఇంత లొల్లి చేస్తుండు?" అన్నాడు నర్సింహ. అని, భోరున ఏడ్చాడు. తండ్రి అప్పుడు కొడుకు తల గుండెకు హత్తుకున్నాడు. "నేనే కట్టిచ్చిన కొడుకా, నేనే" అని ఆయన ఏడవడం, "నువ్వు మంచికే కట్టిస్తివి" అని కొడుకు ఆయన వీపు నిమరడం చూశాను. కాసేపటికి నర్సింహే నా వైపు తిరిగాడు.

"మోకాలు ఉంటదా సిస్టర్?"

"ఇప్పుడు బయల్దేరితే ఉంటుంది."

అడిక్‌మెట్ దగ్గర రోడ్డు మీద టైర్లు తగలబడుతున్నాయి. కుర్రాళ్లు మా వ్యాన్‌ను ఆపారు. "ఎవరమ్మా మీరు, ఏడికి?" అని నన్ను అడిగారు. నోరు విప్పితే ఏమవుతుందో తెలియక బిగుసుకుపోయాను. స్ట్రెచర్ మీద జ్వరంతో కాలిపోతున్న నర్సింహ మోచేతి మీద లేచాడు.

"ఏయ్, పోనియ్యిండ్రి. ఆమె మా సిస్టరు."

టైర్లు పక్కకు లాగి దారిచ్చారు. సాయంత్రానికల్లా ఆపరేషన్ అయిపోయింది. మోకాలు మిగిలింది. నెలల తర్వాత కట్టెకాలి మీద తార్నాకలో మా ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చాడు. ఆనాటి మాటకు తప్పయిందన్నాడు. ముందు కాఫీ తాగు, తప్పులు తర్వాత చూద్దామన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ట్రైనింగు పిల్లలకు వార్డు పని నేర్పాను. రోగికి ఏదైనా చెప్పబోయే ముందు స్టూలు లాక్కుని కూర్చుని, "మీ జబ్బు గురించి మీకేం అర్థమైందో మీరు చెప్పండి" అని అడగమనేదాన్ని. ఒకమ్మాయి విసుక్కుంది, "డాక్టరుగారు చెప్పాక మళ్లీ మనం అడగడం ఎందుకు సిస్టర్, టైము దండగ" అని. నేను ఆమెకు ఒకటే చెప్పాను. సర్జన్‌గారు కసిరారు, నేను బతిమాలాను, మా ఇద్దరికీ అడగాలని తోచలేదు. వాళ్ల నాయన అడిగాడు.