మామగారి రాయితో మెదక్ దాకా

మెదక్ వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. సికింద్రాబాద్ బస్టాండులో ఆరున్నర బస్సుకైతే కిటికీ పక్క సీటు దొరుకుతుంది, ఏడు దాటితే నిలబడాల్సిందే. ఎడమవైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు. పెద్ద చర్చి చూడాలంటే మధ్యాహ్నంలోపు చూసుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం వెంట తీసుకెళ్ళకండి.

నేను తీసుకెళ్ళాను. ఒకటి కాదు, రెండు. రెండూ మా మామగారి పొట్టవే.

నేను సికింద్రాబాద్‌లో ఒక చిన్న నర్సింగ్‌హోంలో ఎక్స్‌రే టెక్నీషియన్ని. ఇల్లు సీతాఫల్‌మండి. పుట్టుకతో క్రైస్తవుణ్ణే గాని చర్చికి వెళ్ళేది క్రిస్మస్‌కీ పెళ్ళిళ్ళకీ. మా మామగారు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ హెడ్‌మాస్టరు, అక్కడి చర్చి సంఘంలో పెద్ద. మా ఇద్దరికీ పన్నెండేళ్ళుగా ఒకటే వాదన. కంటికి కనిపించనిదాన్ని నమ్మడమే విశ్వాసం అని ఆయన, కంటికి కనిపించనిదాన్ని కనిపించేట్టు చెయ్యడమే నా ఉద్యోగం అని నేను. మా ఆవిడ రూతు రెండు వైపులా కాఫీ ఇస్తుంది, ఎవరి వైపూ మాట్లాడదు.

ఈ ప్రయాణానికి రెండు నెలల ముందు ఆయనకి కుడి పక్క నొప్పి మొదలైంది. ఎక్స్‌రే నేనే తీశాను. తుంటి ఎముకకి కాస్త పైన శనగగింజంత తెల్లటి చుక్క కనిపించింది. డాక్టరుగారు చూసి, మూత్రం దిగే గొట్టంలో రాయి ఇరుక్కుందన్నారు. నెల రోజులు మందులు మింగించి, బిందెలకొద్దీ నీళ్ళు తాగించినా నొప్పి తగ్గలేదు. స్కానింగ్ మిషన్లు అప్పటికింకా మా నర్సింగ్‌హోం దాకా రాలేదు. బుధవారం ఆపరేషన్ అని నిర్ణయం జరిగిపోయింది.

అంతకు ముందు శుక్రవారం నేరేడ్‌మెట్ సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. శనివారానికి నొప్పి లేదు. మంగళవారం, ఆపరేషన్‌కి ముందు మరోసారి చూద్దామని ఫిల్ము తీస్తే రాయీ లేదు! నమ్మలేక ఇంకోటి తీశాను. అందులోనూ లేదు. "పడిపోయుంటుంది" అన్నారు డాక్టరుగారు, వాచీ చూసుకుంటూ. ఆపరేషన్ రద్దయింది. మామగారు నా వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఈ సంగతి పాస్టరుగారి ద్వారా మెదక్ దాకా పాకింది. అక్కడ ఆదివారం పెద్ద ప్రార్థన కూటం, అందులో దేవుడు చేసిన మేలు చెప్పుకుంటూ మామగారి సాక్ష్యం. పైగా ఫిల్ములు పట్టుకుని అల్లుడు కూడా రావాలి, సైన్సు తరఫున. నేను రానన్నాను. "అయితే మా నాన్నకి రాయి పోయినందుకు నీకు బాధగా ఉందా?" అంది రూతు. నేను ఫిల్ములు కవరులో పెట్టాను.

ఆరున్నరకి బస్సు కదిలింది. టికెట్టు మనిషికి పద్దెనిమిది రూపాయలు. మామగారు ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీ, చంకలో బైబిలు. అత్తగారు పులిహోరా ఉడికించిన గుడ్లూ కట్టి పంపారు. ఆవిడా, తోడుగా ఉన్న రూతూ రాలేదు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వాటి కోసం ప్రార్థన ఇంకా జరుగుతోంది.

ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుంటే ముందు సీటుకి తగులుతుంది, నిలబెడితే దారికి అడ్డం. బోయినపల్లి దాటేలోపు కండక్టరు రెండుసార్లు తిట్టాడు. "సారూ, గా అట్ట జెర పక్కకు పెట్టుండ్రి. టికెట్టు లేని సామాను గదొక్కటే బస్సుల."

మేడ్చల్‌లో ఏడుంబావుకి ఒక పెద్దావిడ ఎక్కి మా పక్కనే కూర్చుంది. తూప్రాన్‌లో కూతురింటికి వెళుతోంది. కవరు మీద కన్నుపడింది.

"ఏందయ్యా గది?"

"మా మామయ్యగారి ఎక్స్‌రేలమ్మా. రాయి ఉండింది, పోయింది."

"నాకు సుత ఉండె," అంది ఆవిడ హుషారుగా. "శాన తక్లీఫ్ అయింది. దుర్గమ్మకు మొక్కిన, డాక్టర్ గోలీలు మింగిన, మా వదినె ఉలవల రసం తాగిపిచ్చింది. మూడిట్ల ఏదో ఒకటి పన్జేసింది. ఏదో తెల్వదు. గందుకే ముగ్గురికీ దండం పెడ్త."

నేను చదివిన సైన్సు పుస్తకాల్లో కూడా ఇంత పద్ధతైన మనిషి కనిపించలేదు. మామగారు మాత్రం ఊరుకోలేదు. ఆవిడ చేతికున్న నల్లతాడు చూసి పాఠం మొదలుపెట్టారు. "అమ్మా, రక్షించేది దేవుడు గానీ దారం కాదు. తాళ్ళూ తాయెత్తులూ కట్టుకోవడమంటే ఆయన్ని నమ్మకపోవడమే కదూ?"

ఈ పాఠం ఆయనకి కొత్త కాదు. బాప్తిస్మానికి వచ్చినవాళ్ళ చేతి తాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా ఆయనే కత్తిరిస్తున్నారు. అందుకోసం ఒక చిన్న కత్తెర ప్రత్యేకంగా ఉంది.

పెద్దావిడ ఓపిగ్గా విని, "గట్లనా సారూ? మీరైతే పుట్టినసంది ఏ తాడూ కట్టుకోలేదా?" అంది.

మామగారికి దగ్గొచ్చింది. తూప్రాన్ వచ్చేదాకా అది తగ్గలేదు.

ఎనిమిదింటికి తూప్రాన్. ఇక్కడ బస్సు పదిహేను నిమిషాలు ఆగుతుంది, టీ బాగుంటుంది. పెద్దావిడ నాలుగో దండం మాకు పెట్టి దిగిపోయింది. టీ గ్లాసు పట్టుకుని మామగారు నన్ను హోటలు వెనక్కి తీసుకెళ్ళారు.

"అబ్బాయ్, నీతో ఒక మాట చెప్పాలి. ఎవరితోనూ అనకు."

"చెప్పండి మామయ్యగారూ."

"నా మొలతాడుకి ఒక నల్లపూస ఉండేది. నాకు ఆరేళ్ళప్పుడు మశూచి వచ్చి తగ్గితే మా అమ్మ కట్టింది. ఆ తర్వాతే మేం సంఘంలో కలిశాం. అన్నీ వదిలేసింది గానీ ఈ పూస మాత్రం తియ్యనివ్వలేదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, 'తియ్యకు నాయనా' అంది. అరవై ఏళ్ళు దాచుకున్నాను. ఊళ్ళోవాళ్ళవన్నీ కత్తిరిస్తూ నాది దాచుకున్నాను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ శుక్రవారం ప్రార్థనలో పాస్టరుగారు, దేవుణ్ణి కాక ఇంకేం పట్టుకున్నావో వదిలెయ్ అన్నారు. నన్నే అన్నట్టనిపించింది. బాత్‌రూములోకి వెళ్ళి ఆ కత్తెరతోనే తెంచేశాను. మర్నాటికి నొప్పి లేదు. ఇది చెప్పకపోతే నా సాక్ష్యం సగమే. చెబితే ఈ వయసులో నలుగురిలో తలెత్తుకోలేను. ఏం చెయ్యమంటావు?"

నా బుర్ర ఆ నల్లపూస దగ్గరే ఆగిపోయింది. నా చేతిలో టీ చల్లారిపోతోంది.

మా దగ్గరికొచ్చే ప్రతి పేషెంటునీ ఒంటిమీద దారప్పోగు లేకుండా విప్పించి, గౌను తొడిగించి, అప్పుడు పడుకోబెడతాను. మొలతాళ్ళు తీయించడంలో నన్ను మించినవాడు లేడు. కానీ మామగారిని, అందులోనూ హెడ్‌మాస్టరుని, అల్లుడు పంచె విప్పమని ఎలా అంటాడు? "కాస్త వదులు చేసుకోండి మామయ్యగారూ" అని ఆ మొదటి ఎక్స్‌రే రోజు అటు తిరిగి నిలబడ్డాను. ఆయన వదులు చేసుకున్నారు. నేను ఫోటో తీశాను.

కవరులోంచి మొదటి ఫిల్ము లాగి ఎండకి పట్టుకున్నాను. తెల్లటి చుక్క. నిండైన గుండ్రం. దాని మధ్యలో, పైనుంచి కిందికి, సన్నటి గీత. ఆ గీత చూసి అప్పట్లో డాక్టరుగారితో, రాయి పొరలు పొరలుగా పెరుగుతుంది కదా సార్ అని చెప్పింది కూడా నేనే. పొరలు కాదు, అది దారం ఎక్కించే బెజ్జం.

"చూశావా, మళ్ళీ మళ్ళీ చూడాలనిపిస్తుంది," అన్నారు మామగారు తృప్తిగా.

బుధవారం నాడు ఒక నల్లపూస కోసం ఈయన పొట్ట కోసేవాళ్ళు. డాక్టరుగారికి తెలిస్తే ఉద్యోగం ఏమవుతుంది, రూతుకి తెలిస్తే ఏమవుతుంది, ఇవన్నీ వరసగా గుర్తొచ్చాయి. పన్నెండేళ్ళుగా నిజం, రుజువు అని అరిచిన నోటితో నేనన్న మాట ఇది:

"పూస సంగతి ఎందుకులెండి మామయ్యగారూ. పరువు తక్కువ."

ఆయన నా భుజం తట్టారు. తన పరువు గురించే ఆలోచిస్తున్నాననుకున్నారు పాపం. రామాయంపేట దాకా పులిహోర తిన్నాం.

తొమ్మిదిన్నరకి మెదక్. చర్చి నిజంగా చూడదగ్గది, రంగు అద్దాల మీద ఎండ పడ్డప్పుడు ఆ లోపల నిలబడితే నాబోటివాడికి కూడా గొంతు తగ్గుతుంది. కూటం మాత్రం అక్కడ కాదు, ఊరి చివర మైదానంలో పందిరి కింద. పదకొండుకి మామగారి పేరు పిలిచారు.

ఆయన మైకు ముందు నిలబడి ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత పూస సంగతంతా చెప్పేశారు. అమ్మ కట్టడం, కత్తెర, బాత్‌రూము, ఏదీ వదల్లేదు. చెబుతూ ఏడ్చారు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన మెల్లిగా తన నడుం తడుముకోవడం నేను చూశాను. తర్వాత స్తోత్రాలు మొదలయ్యాయి, చాలాసేపు ఆగలేదు. అంత ధైర్యం నాకు లేదని నాకు బాగా తెలిసింది.

"ఇప్పుడు సైన్సు చదివిన మా అల్లుడు చూపిస్తాడు," అన్నారాయన.

రెండు చేతుల్తో రెండు ఫిల్ములు ఎత్తాను. పాస్టరుగారు మైకు నా మూతి దగ్గర పెట్టారు.

"ఇందులో కనిపిస్తోంది," అన్నాను. "ఇందులో కనిపించడం లేదు."

హల్లెలూయ అని పందిరి దద్దరిల్లింది. నేనన్న ప్రతి అక్షరం నిజమే, కానీ అంత పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఒంటిగంటకి ప్రేమవిందు, అన్నం, మాంసం కూర, సాంబారు. వచ్చినవాళ్ళందరూ నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇద్దరు తమ ఎక్స్‌రేలు కూడా చూడమన్నారు.

మూడింటి బస్సుకి తిరుగు ప్రయాణం. మామగారు తేలిగ్గా ఉన్నారు, పాట కూనిరాగం తీస్తున్నారు. ఆ పాట వింటూ కూర్చోవడం నావల్ల కాలేదు. చేగుంట దాటాక మొదటి ఫిల్ము తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"మామయ్యగారూ, ఇది రాయి కాదు. మీ పూస. ఇదిగో బెజ్జం. తప్పు నాది, మిమ్మల్ని మొలతాడు తీయమని అడగలేకపోయాను. తూప్రాన్‌లోనే తెలిసింది. భయపడి దాచాను. రేపు పొద్దున్నే డాక్టరుగారికీ చెప్పేస్తాను."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఫిల్ముని కిటికీకి పట్టుకున్నారు. ఎంతసేపటికీ దించలేదు. ఆయన దేవుణ్ణి ఆయన దగ్గర్నుంచి లాక్కున్నానేమోనని నాకు దుఃఖం వచ్చింది.

"మరి నొప్పి?" అన్నారు చివరికి. "పూస నొప్పి పుట్టించదుగా?"

"పుట్టించదండీ."

"ఎందుకొచ్చింది, ఎట్లా పోయింది?"

"నాకు తెలీదండీ. డాక్టరుగారికి కూడా తెలీదు."

"ఊఁ. నేనా శుక్రవారం పూస తెంచకపోతే?"

"మంగళవారం ఫిల్ములో మళ్ళీ కనబడేదండీ."

"అప్పుడు?"

"బుధవారం..." అని ఆయన పొట్ట మీద వేలితో ఒక గీత గీశాను.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని కంగారుపడ్డాను. కాదు, నవ్వుతున్నారు. పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరాడనంతగా నవ్వుతున్నారు.

"ఒరే అబ్బాయ్, దేవుడు నన్ను రాయి నుంచి కాపాడాడనుకున్నానురా," అన్నారు. "నీ నుంచి కాపాడాడన్నమాట!"

తర్వాత పక్క సీటాయన వైపు తిరిగి, "ఈయన మా అల్లుడండీ, ఎక్స్‌రేలు తీస్తాడు," అని మొదలుపెట్టారు. ఆరుంబావుకి సికింద్రాబాద్‌లో దిగేసరికి ఆ సంగతి తెలియనివాళ్ళు బస్సులో ఎవరూ లేరు, డ్రైవరుతో సహా. వెనక సీట్లవాళ్ళకి వినబడలేదంటే నేనే లేచి చెప్పాను.