మా లక్ష్మికి వాళ్ళమ్మ ఇచ్చిన కిడ్నీ

అందరూ ఎలా ఉన్నారు? వదినా, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పెద్దబ్బాయ్, షుగర్ టెస్ట్ చేయించుకున్నావా, ఇంకా వాయిదా వేస్తున్నావా? పాలకొల్లు పిన్నిగారికి దగ్గు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రావడం లేదు.

నేను చెబుతుంటే మా కోడలు ఈ గ్రూపులో టైపు చేస్తోంది.

నిన్న తెల్లవారుజామున మన లక్ష్మి పోయింది. మా చెల్లెలు సత్యవతి కూతురు.

ఫోన్ మోగితే చాలు గుండె దడదడలాడే మనిషిని నేను. మీ అందరికీ తెలిసిందే. నిన్న మాత్రం ఎందుకో భయం వేయలేదు. గ్యాస్ వాళ్ళేమో అనుకుని తీశాను.

అల్లుడు రాంబాబు, లక్ష్మి భర్త.

"అత్తయ్యగారూ, లక్ష్మి లేదండి."

"ఎక్కడికెళ్ళింది?" అని అడిగాను.

ఏడుపు ఇంతవరకూ రాలేదు. గోదావరి మధ్య వాళ్ళ లంకలో దహనం అయ్యాక ఇంటికొచ్చి పాలు తోడు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

రెండేళ్ళ కిందట హైదరాబాదులో లక్ష్మికి కిడ్నీ మార్చారు. ఇచ్చింది వాళ్ళమ్మే. ఆపరేషన్ అయ్యి లంకకి వచ్చాక పిల్ల ముఖం కళకళలాడింది.

మంచినీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడల్లా "ఉండు పెద్దమ్మా, మా అమ్మకి దాహమేస్తోంది" అనేది. మా చెల్లి పక్కనే కూర్చుని "నాకేం వెయ్యట్లేదే!" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

చూడ్డానికి జనం ఒకటే రావడం. మన వైపు ఒంట్లో బాగోకపోతే చూసి రాకపోవడం ఎంత తప్పో మీకు తెలుసు. డాక్టరేమో ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దన్నారు. అందుకని లక్ష్మి అరుగు మీద బకెట్టు, సబ్బు పెట్టించింది. వాళ్ళ మేనత్తకి కోపం వచ్చేసింది.

"ఏమ్మా, మా చేతులేమన్నా పాచిపోయాయా?"

"మీ చేతులు కాదత్తా. ఈ కిడ్నీ కొత్తకోడలు. ఇంకా అందరికీ అలవాటు పడలేదు. మీరు పెద్దవారు, మీరే సర్దుకోవాలి."

మేనత్త గొణుక్కుంటూనే మోచేతుల దాకా కడుక్కుంది.

ఇంత జాగ్రత్త పడిన పిల్ల.

మొన్న వర్షాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం వస్తే వెంటనే రమ్మని హాస్పిటల్లో మరీ మరీ చెప్పారు. కానీ గోదావరి పోటు మీద ఉంది. పడవలు ఆపేశారు.

పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఏం చేస్తారు? ఊళ్ళో ఆర్ఎంపీ గారిని పిలిచారు. ఆయన ఊరందరికీ ఇచ్చే నొప్పుల ఇంజక్షనే ఇచ్చారు. కిడ్నీ మార్చిన మనిషికి అది పడదని ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు? జ్వరం తగ్గింది. అందరం సంతోషించాం. ఆ తర్వాత యూరిన్ తగ్గిపోయింది.

పడవ కదిలాక రాజమండ్రి, అక్కణ్ణుంచి హైదరాబాదు. అప్పటికే లోపల పాడైపోయిందన్నారు. మళ్ళీ డయాలసిస్. లంకనుంచి రాజమండ్రికి రావడం, పోవడం. అంతే.

ఆపరేషనప్పుడు లక్ష్మి పక్క బెడ్‌లో ఉన్న పెనుగొండ బట్టల షాపు వారి అబ్బాయికీ అదే వారం కిడ్నీ మార్చారు. వాళ్ళూ మేమూ ఆ వార్డులో ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం. వాళ్ళు చాలాకాలం హాస్పిటల్ పక్కనే ఇల్లు తీసుకుని ఉన్నారు. రాంబాబుకి అరటితోట వదిలి ఉండడం కుదరలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు షాపులో కూర్చుంటున్నాడు. చల్లగా ఉండాలి.

ఇవాళ ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. "ఒకే డాక్టరు, ఒకే మందులు కదండీ. మీ అమ్మాయికి ఎక్కడ తేడా వచ్చిందండీ?" అని ఏడ్చారు.

"మీ వాకిట్లో కారు ఉందండి. మాకు వాకిట్లో గోదావరి ఉంది" అన్నాను. అని, ఎందుకన్నానా అని ఇందాకటి నుంచీ బాధపడుతున్నాను. ఆవిడ తప్పేముంది?

చెల్లిని ఆ ఇంట్లో ఉంచబుద్ధి కాక తణుకు తెచ్చేసుకున్నాం. అన్నం ముట్టడం లేదు. ఒకటే మాట అడుగుతోంది.

"అక్కా, నాది మంచిది కాదేమో. ఆ అబ్బాయికి వాళ్ళ నాన్నది పెట్టారు. మగవాడిది, గట్టిది. నాది అరిగిపోయిందేమో. నేను ఇవ్వకుండా ఉండాల్సిందేమో."

కాదే అని నేను చెబితే వినదు. నేను చదువుకున్నదాన్నా?

ఇంకో భయం కూడా పట్టుకుంది నాకు. దాని ఒంట్లో మిగిలింది ఒక్క కిడ్నీయే. కోసి తీసుకున్నాక చెల్లి ఎలా ఉందో ఎవరూ చూడలేదు. అందరం లక్ష్మినే చూశాం. నిన్నటి నుంచి అది ఎన్నిసార్లు లేచి బాత్రూముకి వెళ్తోందో చూస్తూ కూర్చుంటున్నాను.

లక్ష్మీ, సూదులు అయిపోయాయమ్మా. ఇంక హాయిగా పడుకో. నీ మనసుకి శాంతి దొరకాలి తల్లీ. మీ అమ్మని నేను చూసుకుంటాను.

పలకరింపుకి రావాలనుకునేవాళ్ళు గురువారం రండి. బుధవారం మేం ఇంట్లో ఉండం. మైలలో ఊరు దాటకూడదని అంటున్నారు, అననివ్వండి. రాజమండ్రి కిడ్నీ డాక్టరుగారు బుధవారం పదిగంటలకి రమ్మన్నారు. చెల్లికి టెస్టులు చేస్తారు. లోపం నీ కిడ్నీది కాదమ్మా అని ఆయన నోటితోనే దానికి చెబుతానన్నారు.