టైరు అంచున సుద్దగీత

పోయిన శరదృతువులో అద్దెకారు అదుపు తప్పి ఒక కుర్రాడి తుంటి ఎముక విరిగితే ఆ నింద మార్లీస్ రెటరాత్ మీద పడింది. టైర్లలో గాలి చూసేది ఆమె కాబట్టి తప్పూ ఆమెదేనని గ్యారేజీ యజమాని రైనర్ అందరి ముందూ అన్నాడు. నిజానికి ఆ రోజు గాలి తీసింది రైనరే. చలికాలమంతా ఆమె చేత కార్ల అద్దాలు తుడిపించాడు. ఆమె కిక్కురుమనకుండా తుడిచింది. జర్మనీలోని ఐఫెల్ కొండల్లో ఆ రేసు దారి చుట్టూ ఉన్న గ్యారేజీల వాళ్లంతా ఒకే బల్ల దగ్గర బీరు తాగుతారు. ఒకచోట నోరు విప్పితే ఇంకోచోట తలుపు తెరుచుకోదు.

ఆ దారి అడవిలో మెలికలు తిరుగుతూ ఇరవై కిలోమీటర్లు పోతుంది. సెలవు రోజున టికెట్టు కొన్నవాళ్లెవరైనా తోలవచ్చు. సొంత కారు లేనివాళ్లకు రైనర్ లాంటివాళ్లు స్పోర్ట్స్ కార్లు అద్దెకిస్తారు. ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి టైర్లు పెనంలా కాలుతుంటాయి, లోపలి గాలి ఉబ్బుతుంది. అందుకని వేడి మీదే కొంత వదిలేస్తారు. వెంటనే మళ్లీ తోలితే మంచిదే. బండి నిలబడి చల్లారిందా, ఆ గాలి చాలదు, తిరిగి నింపాలి. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. తొందరలో అందరూ మరిచేదీ ఇదే.

ఆ ఏప్రిల్ ఆదివారం పొద్దున రైనర్ నారింజరంగు కారును తిప్పి తెచ్చి గాలి వదిలాడు. అంతలో కొండ అవతల ఎవరో గుద్దుకున్నారని దారి మూసేశారు. హెలికాప్టర్ చప్పుడు వచ్చింది, పోయింది. వెనకే పొగమంచు దిగింది. పూట గడిచినా కార్ల వరుస కదలలేదు.

"ఏం మార్లీస్, ఇవాళ నాకింకో బేరం తగులుతుందంటావా?" అన్నాడు ఉడో. విరిగిన కార్లను లాక్కొచ్చే లారీ అతనిది.

"నీ నోట్లో మన్నుపడ! పోయి సాసేజీ తిను."

"రెండు తిన్నాను. మూడోది కొరకబోతే పిలుపొస్తుంది, ఎప్పుడూ ఇంతే."

మార్లీస్ నవ్వలేదు. నారింజ కారు టైరు మీద అరచెయ్యి పెట్టింది. రాయిలా చల్లగా ఉంది. జేబులోంచి సుద్దముక్క తీసి, నేలను తాకే అంచు నుంచి టైరు పక్కమీదికి గీత గీసింది. మలుపులో టైరు ఎంత ఒరిగితే గీత అంత చెరుగుతుంది. గాలి సరిగ్గా ఉంటే చెరుపు అంచుదగ్గరే ఆగాలి.

"గీతలు తర్వాత గీసుకుందువు, తప్పుకో," అన్నాడు రైనర్. బెల్జియం నుంచి వచ్చిన లీసెలోట్ అనే నర్సును పక్కన కూర్చోబెట్టుకుని, కారు ఎలా ఉంటుందో చూపిస్తానంటూ ఖాళీ స్థలంలో ఒక్క మలుపు జోరుగా తిప్పాడు. తర్వాత దిగి, స్టీరింగు ఆమెకిచ్చాడు.

మార్లీస్ వంగి చూసింది. గీత సగానికి పైగా లేదు.

"రైనర్, గాలి నింపు."

"గాలి తక్కువైతే పట్టు ఎక్కువ. నాకు పాఠాలా?"

"పోయినసారీ ఇదే మాటన్నావు."

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. రైనర్ మెడ ఎర్రబడింది. ఇప్పుడు వీళ్లందరి ముందూ గాలి నింపితే, అప్పుడు తీసిందెవరన్న ప్రశ్న లేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"గేటు తెరిచారు. పోనివ్వండి మేడమ్," అన్నాడతను.

మార్లీస్ వెళ్లి కారు ముందు నిలబడింది. బానెట్ మీద రెండు చేతులూ ఆనించింది. ఇంజను వణుకు మోచేతుల దాకా పాకింది.

"ఏమైందండీ?" లీసెలోట్ అద్దం దించింది.

"దిగి ఆ టైరు చూడమ్మా. సుద్ద ఎక్కడిదాకా పోయిందో చూడు. రోజూ ఒకళ్లకు కట్లు కట్టే చేతులు నీవి, వాటికే కట్లు పడటమెందుకు?"

లీసెలోట్ దిగింది. చూసింది. తాళం తీసి రైనర్ చేతిలో పెట్టింది.

ఇక లాగాల్సిన కారు లేదని ఉడో లారీ ఇంజను ఆపేశాడు.

"రేపట్నుంచి రాకు," అన్నాడు రైనర్.

ఆ వారమంతా మార్లీస్ ఒక్కో గ్యారేజీ మెట్టూ ఎక్కింది. అందరూ కాఫీ ఇచ్చారు, పని ఇవ్వలేదు. లీసెలోట్ క్షేమంగా ఇల్లు చేరింది. ఆమెను కాపాడిన మనిషి రోడ్డున పడింది. నారింజ కారు ఈ శనివారం కూడా వరుసలో నిలబడి ఉంది. దాని టైర్ల మీద గీత లేదు. పొగమంచు మాత్రం ఎప్పటిలాగే దిగుతోంది.

మీలో ఎవరైనా అక్కడికి వెళ్తే, ఏ బండి అద్దెకు తీసుకున్నా, టైర్లు చల్లగా ఉండగా గాలి మీ కళ్లముందు కొలవమని అడగండి. కాదంటే దిగిపోండి. గేటు దగ్గర నిలబడి, బండి ఆపమన్న పనివాళ్ల మాటకు విలువ ఇవ్వమని గట్టిగా అడగండి. మార్లీస్ ఎక్కడని రైనర్‌ను అడగండి. జవాబు చెప్పేదాకా అతని కారెక్కకండి.